ఎడమ భుజం మీద పార

కోసి పరిచిన వరి పనల్ని కుమారి ఒక్కొక్కటే తిరగేస్తోంది. మడిలో ఇంకా తడి ఉంది. కింది వైపు ఆరకపోతే గింజ మొలకెత్తేస్తుంది. నాలుగు పనలు తిప్పడం, నడుము ఎత్తడం, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి నడుము అదుముకుని ఒక్క క్షణం నిలబడడం, మళ్ళీ వంగడం. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, దాని మీద మొగుడి బిస్కెట్ రంగు పొడుగుచేతుల చొక్కా తొడుక్కుంది. తలకి తువ్వాలు చుట్టుకుంది. వరాకు గీసుకోకుండా ఆ ఊరి ఆడవాళ్ళందరూ పొలానికి అలాగే వస్తారు. మగవాళ్ళ చొక్కాలు చివరికి ఆడవాళ్ళ ఒంటి మీదే చిరుగుతాయి.

గట్టు మీద బావ నరసింగరావు నిలబడ్డాడు. ఆమె మొగుడికి అన్న. పక్కన వ్యవసాయ శాఖ అమ్మాయి అనిత ఫోను పైకెత్తి సిగ్నలు కోసం అటూ ఇటూ తిరుగుతోంది. పంట నమోదుకి వచ్చింది.

"ఈ మడి కూడా నా పేరునే రాసీ తల్లీ. తమ్ముడు లేడు గదా," అన్నాడు నరసింగరావు.

"రెండో పంటకి ఏం వేస్తున్నారు?"

"ఏటీ ఎయ్యం. సరుగుడు మొక్కలు పెట్టేస్తాం. పెట్టి ఒగ్గేస్తే అదే పెరుగుతాది. మగోడు లేని పొలం, ఎన్నాళ్ళని ఈ ఆడగుంట సేత సేయిస్తాం?"

కుమారి వంగినది వంగినట్టే అంది. "పెసలేస్తాను బావా. ఆయనొచ్చీదాకా ఆగు."

"నాలుగేళ్ళ నుంచీ ఇదే మాట. వచ్చీవోడైతే ఈపాటికి ఒక ఫోనన్నా సేసీవోడు కాదేటే ఓలమ్మీ?" గొంతులో కోపం లేదు. అదే ఆమెకి ఎక్కువ భయం. కోపంగా అన్న మాట సాయంత్రానికి చల్లారుతుంది. జాలిగా అన్న మాట నిలబడిపోతుంది.

అనిత ఫోను దించింది. "సర్వరు పనిచెయ్యట్లేదు బాబాయ్. సోమవారం వస్తాను. ఎవరి పేరో ఈలోగా మీరే తేల్చుకోండి. ఏ పేరు రాస్తే ఆ పేరునే పంట అమ్ముకోవాలి. ఆ మనిషి పొలంలో నిలబడి ఫోటో కూడా దిగాలి."

"తేల్చడానికేటున్నాది?" అంటూ నరసింగరావు కాలవ వైపు వెళ్ళిపోయాడు.

కుమారి మంచినీళ్ళ సీసా కోసం గట్టెక్కింది. అనిత సంచిలోంచి సబ్బుబిళ్ళంత వస్తువు ఒకటి తీసి ఫోనుకి తీగ గుచ్చి గడ్డి మీద పెట్టింది. దాని మీద బొమ్మ ఉంది. పొగమంచు, తాడిచెట్ల వరస, లేస్తున్న కొంగలు. వెనకాల నీలంగా కొండ. కొంగల కిందుగా, ఒక మూల, ఇటు వీపు పెట్టి నిలబడ్డ మనిషి.

కుమారి నీళ్ళు తాగడం ఆపింది. చేతులు చొక్కాకి తుడుచుకుని దాన్ని అందుకుంది.

"ఇదేటమ్మా?"

"పవర్ బ్యాంకు అక్కా. కరెంటు లేనప్పుడు ఫోనుకి చార్జింగు ఎక్కిస్తుంది."

"బేంకు సంగతి కాదు. ఈ మనిషి."

"మనిషా?" అనిత తల వంచి చూసింది. "అరె, ఇందులో మనిషున్నాడా? ఇన్నాళ్ళ నుంచీ వాడుతున్నాను, నేనెప్పుడూ చూళ్ళేదు."

మినపగింజంత మనిషి. తలకి గుడ్డ. మోకాళ్ళ పైకి ఎత్తికట్టిన బట్ట. బిస్కెట్ రంగు చొక్కా. ఒక చెయ్యి నడుము మీద. ఎడమ భుజం మీద పార.

మొగుడు తిరుమలరావు ఎడంచేతి వాటం మనిషి. ఊళ్ళో పార ఎడమ భుజానికెత్తేవాడు అతనొక్కడే. గట్టు మీద ఎదురుపడితే పార పిడులు తగులుతాయని తోటివాళ్ళు తిట్టేవాళ్ళు కూడా. ఒకే తానులోంచి రెండు చొక్కాలు కుట్టించుకున్నాడు. ఒకటి తొడుక్కుని మద్రాసు పనికి వెళ్ళాడు. రెండోది ఇప్పుడు ఆమె ఒంటి మీద ఉంది.

"ఇదెక్కడ తీసినారు?"

"నాకేం తెలుసక్కా? రాజాంలో, పాలకొండ రోడ్డులో ఫోటో గిఫ్టుల షాపులో కొన్నాను. కొండలూ పక్షులూ అన్నీ ఉంటే, ఇది బాగుందని తీసుకున్నాను. ఎందుకు?"

కుమారి చెప్పలేదు. చెబితే అది ఊరంతా తిరిగి బావ నోటి నుంచి జాలిగా మళ్ళీ ఆమె దగ్గరికే వస్తుంది. సాయంత్రం పార కుడి భుజానికెత్తుకుని ఇంటికి నడుస్తుంటే ఆ చిన్న మనిషి ముందు నడుస్తున్నట్టే ఉంది. ఎంత వేగంగా నడిచినా అతను ఇటు తిరగడు.

మర్నాడు పొద్దున్న పెసర విత్తనాలకని అత్తకి చెప్పి ఆటో ఎక్కింది. అత్త అసిరమ్మ అలవాటుగా అరుగు మీద కూర్చుని, కోడలు వీధి మలుపు తిరిగేదాకా చూసింది. అబద్ధం చెప్పినందుకు కుమారికి అత్త చూపు వీపుకి తగులుతూనే ఉంది.

షాపు వాకిట్లో కుర్చీ వేసుకుని ముసలాయన ఒకడు పేపరు చదువుతున్నాడు. లోపల ఆయన కోడలు హైమ, పెద్ద ఇస్త్రీపెట్టె లాంటి యంత్రం పిడి రెండు చేతులతో కిందికి నొక్కి పట్టుకుని ఉంది. యంత్రం కీచుమనగానే పిడి ఎత్తి, వేడి వేడి రేకు మీంచి కాగితం ఒడుపుగా లాగింది. కాగితం మీది బొమ్మ వెలిసిపోయింది. రేకు మీద పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు మెరుస్తూ బయటికొచ్చారు.

"ఏం కావాలమ్మా? మగ్గా, దిండా, గడియారమా?"

"ఫోనుకి కరెంటు ఎక్కించీ బేంకు. కొంగల బొమ్మది."

హైమ అద్దాల బీరువా లోంచి మూడు తీసి వరసగా పెట్టింది. మూడింటి మీదా అదే బొమ్మ. ముగ్గురు చిన్న మనుషులు ఆమెకి వీపు పెట్టి నిలబడ్డారు. కుమారి ఒకదాని మీద వేలు పెట్టింది.

"ఈ మనిషి మా ఇంటాయన. ఎక్కడ తీసినారో సెప్తే ఎల్లి తెచ్చుకుంతాను."

హైమ చేతులు ఆగిపోయాయి. ముసలాయన బంగారురాజు పేపరు మడిచాడు. "ఎలా చెప్పగలవమ్మా? మొహమే లేదు కదా."

"సొక్కా మాదే బాబూ."

"బిస్కెట్ రంగు. మావాడు దీన్ని బొమ్మల కొట్టు చెయ్యకముందు బట్టల కొట్టమ్మా ఇది. ఆ రంగు తాను నా చేత్తో ఎన్ని చింపానో! చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒక ఏడాది బిస్కెట్లే."

"ఎడమ భుజం మీద పార పెట్టినోలెందరున్నారు?"

బంగారురాజు కళ్ళజోడు పైకి నెట్టి బొమ్మ చూశాడు. ఫోను చెయ్యమని కోడలికి సైగ చేశాడు.

హైమ మొగుడికి ఫోను చేసింది. ప్రదీప్ బొబ్బిలిలో పెళ్ళి ఫోటోలకి వెళ్ళాడు. ఫోనులో సన్నాయి గోల. "ఏ కొంగలు? తాడిచెట్లవా? పోయిన చలికాలం తీశాను. ఎక్కడా... వంగర వైపు అనుకుంటా. మనిషా? మనిషెవడు? నేను కొంగల్ని తీశాను హైమా!" పెట్టేశాడు.

"ఆదివారం వస్తారమ్మా. కంప్యూటర్లో చూసి కచ్చితంగా చెప్తారు."

ఆదివారం దాకా! కుమారి కొంగుముడి విప్పి డబ్బు ఇచ్చి, వాటిలో ఒకటి కొనుక్కుంది. హైమ పక్కనున్న మీట నొక్కి చూపించింది. నాలుగు చిన్న దీపాలు వెలిగాయి. "నిండుగా ఉంది. తగ్గేకొద్దీ ఒక్కోటీ ఆరిపోతుంది." ఆటోలో వస్తూ కుమారి ఆ మీట నొక్కుతూనే ఉంది. నాలుగూ వెలుగుతున్నాయా, లేదా. పక్కనున్న ఆవిడ "ఊరికే నొక్కీకమ్మా, అయిపోతాది" అనేసరికి ఉలిక్కిపడి కొంగులో దాచేసింది.

అత్తకి చూపించకూడదనే అనుకుంది. పోయినసారి ఎవరో తిరుమలరావుని విశాఖ రైలు స్టేషన్లో చూశామన్నప్పుడు ముసలమ్మ వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కానీ అసిరమ్మ కోడలి చేతిలో విత్తనాల సంచి లేకపోవడం చూసింది, కొంగు ముడి బరువుగా ఊగడం చూసింది.

"ఏటే అది?"

కుమారి విప్పి ఇచ్చింది. అసిరమ్మ గుమ్మంలోకి జరిగి, వెలుతురుకి తిప్పి, బొమ్మని కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు చూసింది. బొటనవేలితో ఆ మూల ఒకసారి తడిమింది.

"ఆయనేనా అత్తా?"

"నాకు సూపు ఆనదే." ముసలమ్మ దాన్ని తిరిగి ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుంది. "ఎక్కడంట?"

"వంగర కాడంట."

"ఎల్తావేటి?"

"రేపే ఎల్తాను. బావకి సెప్పకు."

అసిరమ్మ ఏదో అనబోయి ఆగింది. "కూడు తినీసి ఎల్లు," అంది, బొమ్మని కోడలి చేతిలో పెడుతూ.

వంగరలో ఆటో దిగి కుమారి మొదట టీ కొట్టులో అడిగింది. కొట్టు గంగులు బొమ్మని అటూ ఇటూ తిప్పాడు.

"తాడిసెట్లు బాగున్నాయి గానీ మా కాడియి కావమ్మా. మాదంతా సెరుకు."

"మనిషిని సూడు అన్నా. ఎడంచేతి వాటం. కాస్త పొడుగు. తక్కువ మాట్లాడతాడు."

"తక్కువ మాట్లాడీ మగోడా? ఈ మండలంలో లేడు," అని బల్ల మీది మనిషి ఒకడు అన్నాడు. అందరూ నవ్వారు. కుమారి నవ్వకపోవడం చూసి వాళ్ళే సర్దుకున్నారు.

చెరుకు తోటల మధ్య రోడ్డు పట్టుకుని నడిచింది. బోరు దగ్గర బట్టలుతుకుతున్న ఆడవాళ్ళని అడిగింది. కొండ కనబడినప్పుడల్లా ఆగి, బొమ్మ ఎత్తి పోల్చి చూసింది. ఒకచోట తాడిచెట్లు ఉన్నాయి, వాటి వెనక కొండ లేదు. బొమ్మలో తాడి వరసకి ఒక కొసన తల లేని మొండి చెట్టు ఉంది. పిడుగు పడి తల పోయిన తాడి. అలాంటిది వాళ్ళ పొలం దగ్గరా ఒకటుంది. అలాంటివి ఏ ఊళ్ళోనైనా ఉంటాయి. ప్రతి గట్టు మలుపులోనూ నడక తగ్గించి తొంగి చూసింది. కనబడితే మొదట ఏమనాలి? ఎందుకు రాలేదని అడగాలా, తిన్నావా అని అడగాలా? కనబడి, ఎవరు నువ్వు అంటే?

ఎండ నడినెత్తికి వచ్చేసరికి మళ్ళీ టీ కొట్టుకి చేరింది. గంగులు ఆమె మొహం చూసి, అడక్కుండానే గ్లాసు ఇచ్చాడు.

"ఎడంచేతోడంటే గుర్తొచ్చినాది అమ్మా. సెంటర్లో సెలూన్లో ఒకడున్నాడు, రాముడని. పై ఊరి నుంచి వచ్చినోడే. మీవోడు అవునో కాదో మరి."

టీ సగంలో వదిలేసి లేచింది. సెలూను గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఆడది లోపలికి వెళ్ళే చోటు కాదు. లోపల కుర్చీలో ఒకడు నురగ మొహంతో కూర్చున్నాడు. అతని మీదికి వంగి గడ్డం గీస్తున్న కుర్రాడికి ఇరవై ఐదు కూడా ఉండవు. తిరుమలరావు కాడు. ఆ సంగతి చూడగానే తెలిసింది. అయినా వెనక్కి తిరగలేదు. ఎంత అనవసరంగా ఇంత దూరం వచ్చిందో ఆ గుమ్మంలో నిలబడి కాస్తసేపు చూడాలనిపించింది.

కుర్రాడి ఎదురుగా గోడంత అద్దం ఉంది. అద్దంలో కుర్రాడు కత్తి కుడి చేత్తో పట్టుకున్నాడు.

"ఎడంచేతోడన్నాడు గదా," అనుకుంది కుమారి. కుర్రాడి వైపు చూసింది. కత్తి ఎడమ చేతిలో ఉంది. అద్దంలోకి చూసింది. కుడి చేతిలో ఉంది. మళ్ళీ కుర్రాడు. మళ్ళీ అద్దం.

ఇంట్లో ఉన్నది అరచేతంత బొట్టు అద్దం. అందులో నుదురు తప్ప ఏమీ కనబడదు. ఇంత పెద్ద అద్దం ముందు ఆమె ఎప్పుడు నిలబడింది గనక!

"ఏటి కావాలమ్మా?" అన్నాడు రాముడు.

కుమారి గుమ్మం దాటింది. నురగ మొహం వాడు కుర్చీలో బిగుసుకుపోయాడు. ఆమె కొంగులోంచి బొమ్మ తీసి అద్దం వైపు తిప్పి పట్టుకుంది. అద్దంలో మొండితాడి కుడి కొసకి వెళ్ళింది. కొండ ఎడమకి జరిగింది. కాలవ గట్టు, గట్టు మీద తుమ్మ పొద, పొద దగ్గర తూము. ఇప్పటిదాకా ఏ ఊరిదో అనుకున్న మంచులోంచి ఆమె పొలం ఆమె కళ్ళ ముందుకి వచ్చి నిలబడింది.

చిన్న మనిషి పార కుడి భుజానికి మారింది. ఎడమ చెయ్యి నడుము మీద ఉంది. ఎత్తికట్టినది లుంగీ కాదు, దోపిన చీర.

తన ఎడమ చెయ్యి అప్పటికే నడుము మీద ఉందని కుమారికి తెలిసింది. అది దించుకుంది. బిస్కెట్ రంగు చొక్కాలోంచి మొగుడు ఎటో జారిపోయాడు. మద్రాసు బస్సు ఎక్కించిన రోజు కూడా ఇంత ఖాళీగా లేదు.

"అమ్మా, కూకుంటావేటి? నీళ్ళు కావాలా?" రాముడు స్టూలు జరిపాడు. ఆమె తల అడ్డంగా ఊపి బయటికి వచ్చేసింది.

తిరిగి వస్తూ రాజాంలో దిగింది. షాపుకి వెళ్ళక్కర్లేదు. అయినా వెళ్ళింది. ఇంకెక్కడో ఒక్క మూల మొగుడు మిగిలి ఉంటాడేమో, హైమ నోటితో కాదనిపించుకుంటేగానీ తెమలదు. బొమ్మని షాపులో తల దువ్వుకునే అద్దం ఎదురుగా పట్టి చూపించింది. హైమ చూసి నాలిక కరుచుకుంది.

"అయ్యో! కాగితం మీద తిరగేసి ప్రింటు తియ్యాలమ్మా. వేడి పెట్టి నొక్కితే అది మళ్ళీ తిరిగి సరిగ్గా పడుతుంది. ఆ రోజు తిరగెయ్యడం మర్చిపోయినట్టున్నాను. పేర్లుంటే అక్షరాలు పట్టిస్తాయి. చెట్లకీ కొంగలకీ ఎలా తెలుస్తుంది?"

"కొంగలకి కుడేమిటి, ఎడమేమిటి," అన్నాడు బంగారురాజు. అని, కుమారి మొహం చూసి, కుర్చీ ఖాళీ చేసి ఆమెకి జరిపాడు.

"ఇలా ఇవ్వండమ్మా, రేకు మార్చి సరిగ్గా వేసి ఇస్తాను," అంది హైమ.

కుమారి ఇవ్వబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దమ్మా. ఇంటి కాడ ముసలమ్మకి సెప్పాల."

ఎలా చెప్పాలి? ఆటో ఊరి దారి పట్టినప్పటి నుంచీ అదే దిగులు. దొరకలేదని చెబితే ఆశ మిగులుతుంది, రేపు మళ్ళీ వెళ్ళమంటుంది. నిజం చెబితే మిగిలేదేమిటి? ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కొడుకుని ముసలమ్మ ఒళ్ళోంచి తీసేసినట్టే కదా.

అసిరమ్మ అరుగు మీదే ఉంది. కుమారి లోపలికి వెళ్ళి, మేకుకి వేలాడుతున్న బొట్టు అద్దం తెచ్చి, అత్త పక్కన కూర్చుని, అద్దాన్నీ బొమ్మనీ ఎదురెదురుగా పట్టుకుంది. బొమ్మ అద్దంలో కుదరలేదు. ముసలమ్మ ఆ చేతుల్ని పట్టుకుని నిలబెట్టి అద్దంలోకి చూసింది.

"ఓసి, ఇదా సంగతి," అంది. "ఆ ఎడమ భుజం ఒక్కటే నాకు తెగనేదు."

కుమారి తల తిప్పింది. "నీకు తెలుసా?"

"పొద్దుట నువ్వు పార ఎత్తుకుని ఎల్తంటే రోజూ సూస్తాను గదే. ఆ సొక్కా, ఆ తలగుడ్డ. మలుపు కాడికెల్లీసరికి ఆడే ఎల్తన్నాడనిపిస్తాది. రోజూ అనిపిస్తాది. నువ్వు నడుం మీద సెయ్యేసి నిలబడితే అప్పుడు నువ్వని తెలుస్తాది. ఆడికి నడుం నొప్పి ఎక్కడున్నాది?"

"మరి నిన్ననే సెప్పొద్దా? అంత దూరం తిరిగొచ్చినాను."

"నీ మొఖం సూసినాక ఎలా సెప్పమంతావే?" అసిరమ్మ అద్దాన్ని ఒళ్ళోకి దించింది. "ఎడమ భుజం గదా, ఏమో, నాకే సూపు ఆనలేదేమో, ఆడేనేమో అని నాను మాత్రం అనుకోలేదేటి?"

ఎదురింటి వాళ్ళు ధాన్యం చెరుగుతున్న దుమ్ము వీధిలో పసుపుగా లేస్తోంది.

"షాపులో అమ్మాయి సరిగ్గా ఏసిస్తానన్నాది," అంది కుమారి.

ముసలమ్మ బొమ్మని తన వైపు లాక్కుంది. "ఉండనీ. ఒట్టినే సూస్తే ఆడు. అద్దంలో సూస్తే నువ్వు. ఇలాటిది నాకెవులిస్తారు?"

సోమవారం కుమారి తెల్లారుతూనే పొలానికి వచ్చింది. పనలు ఆదివారమే కట్టలు కట్టి గట్టుకి చేర్చింది. ఖాళీ అయిన మడిలో తడి పోకముందే పెసలు పడాలి. పార గట్టుకి నిలబెట్టి, బేసిను చంకన పెట్టుకుని ఎదురింట్లో బదులు తెచ్చిన గింజలు కుడి చేత్తో జల్లుతూ వెనక్కి వెనక్కి నడుస్తోంది. ఎక్కడా ముద్దగా పడకుండా, ప్రతి గుప్పెడూ విప్పుతూ.

నరసింగరావు వచ్చాడు. వెనక వ్యాను డ్రైవరు సరుగుడు మొక్కల మోపులు దించి కాలవ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. పెసలు జల్లుతున్న మరదల్ని చూసి నరసింగరావు గట్టు మీదే ఆగిపోయాడు. అంతలో అనిత వచ్చింది. ఫోను చేతిలో ఉంది, తీగ కొస సంచిలో ఉంది.

"ఈవేళ సర్వరు పనిచేస్తోంది. పేరు చెప్పండి బాబాయ్."

"నర..."

"కుమారి," అంది కుమారి. గొంతు ఇంత గట్టిగా వచ్చిందేమిటని తనకే జంకు వేసింది. ఇంకాస్త నెమ్మదిగా మళ్ళీ అంది. "కుమారి అని రాసీయమ్మా. పెసలు."

"ఏటే ఇది?" అన్నాడు నరసింగరావు. "మొక్కలు తెచ్చీసినాను. రేపు తమ్ముడొచ్చి, పొలం పెళ్ళాం పేరుకెలా ఎక్కిందని అడిగితే?"

"పొలం ఆయన పేరునే ఉంటాది బావా. సేసీవోల పేరు గదా ఆ అమ్మాయి అడిగింది." కుమారి గట్టెక్కి అనిత సంచి వైపు చెయ్యి చాపింది. "ఓపాలి ఆ బేంకు ఇయ్యమ్మా."

బొమ్మని బావ చేతిలో పెట్టింది. "ఈ మనిషిని సూడు."

నరసింగరావు కళ్ళు చికిలించాడు. "తమ్ముడు," అన్నాడు. "తమ్ముడే... ఎడం భుజం... ఎక్కడున్నాడే?"

"నాను."

"ఏటి?"

"తిరగేసి అచ్చేసినారు. అది నాను. ఇది ఈ పొలం. అదిగో మొండితాడి." వేలు పెట్టి బొమ్మలో చూపించి, ఆ వేలే ఎత్తి కాలవ వైపు చూపించింది. "మూడు రోజులు ఆయనే అనుకుని తిరిగినాను బావా. నా పొలాన్ని నానే గుర్తుపట్టనేకపోనాను. ఇంక సరుగుడు మొలిసి తలెత్తి నిలబడితే, ఆయనొచ్చినా ఇది ఏ ఊరో అని దాటి ఎల్లిపోడా?"

నరసింగరావు బొమ్మ వైపు చూశాడు. చెట్టు వైపు చూశాడు. తర్వాత మరదలి వైపు చూశాడు. తలగుడ్డ, చొక్కా, మట్టి పట్టిన మోకాళ్ళు. ఇన్నాళ్ళూ రోజూ చూస్తున్న మనిషినే, ఎవరో దూరం నుంచి వచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు. బొమ్మ అనితకి ఇచ్చేసి, వెళ్ళి మొక్కల మోపులు ఎండలోంచి తుమ్మ పొద నీడకి జరిపాడు. కాలవలో తువ్వాలు ముంచి తెచ్చి వాటి మీద పిండాడు.

"పై పొలంలో నా గట్టు ఖాళీగా ఉన్నాది. అక్కడ పెట్టుకుంతాను," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "తూము కాడ పెసలు పలసగా పడినాయి, సూసుకో."

అనిత ఫోను ఎత్తింది. "అక్కా, మడి మధ్యలో నిలబడు. పార పట్టుకుంటావా? సరే. అటు కాదు, ఇటు తిరుగు. తలగుడ్డ తీసేయ్, మొహం కనబడాలి."

కుమారి తువ్వాలు విప్పింది. జుట్టు చెదిరి ఉంటుందని చేత్తో అదుముకుంది. చెయ్యి అలవాటుగా నడుము మీదికి వెళ్ళబోతే ఆపి, మళ్ళీ ఎందుకు ఆపాలనుకుని అక్కడే పెట్టుకుంది. ఫోను క్లిక్కుమంది.

"అయిపోయింది. పంపించేస్తున్నా."

"ఆగమ్మా!" కుమారి గబగబా గట్టెక్కి వచ్చింది. ఎండ పడకుండా ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి చూసింది. మొహం ఉంది. కళ్ళు మూసుకోలేదు. వెనక మొండితాడి ఉండాల్సిన వైపే ఉంది. ఇంకా దగ్గరికి వంగింది.

"పార ఏ భుజం మీద ఉన్నాది?"

"కుడి," అంది అనిత.

కుమారి తన కుడి భుజం తడుముకుని చూసుకుంది.

"సరే. పంపించీ."